చేపల గంపలో సుగంధి వేరు

ఆదిశేషమ్మకు కోపం వస్తే అరవదు. అరిచే మనిషైతే ఎంత మేలో! ఆ సంగతి తెలియకనే కామాక్షయ్య చెడినాడు. అరిచేవాళ్ళ కోపం అరుపుతోనే పోతుంది. ఈమెది అట్టా కాదు. ఎండుచేప మాదిరిగా ఉప్పేసి దాచిపెడుతుంది, ఎన్నేళ్ళయినా చెడదు.

విడవలూరు దాటి సముద్రం వైపు పోతే, వరిచేలు అయిపోయినాక ఇసకదిబ్బలు మొదలవుతాయి. ఆ దిబ్బల వెనక ముప్పై గడపల పాలెం. ఆదిశేషమ్మది ఆ పాలెమే. అందరూ ఆదెమ్మ అంటారు. మొగుడు ముత్యాలయ్య వేటకు పోతాడు, ఈమె చేపలు ఎండబెట్టి గంపకెత్తుకుని విడవలూరులో అమ్ముకొస్తుంది. పాలెంలో ఆడోళ్ళందరూ చేసే పనే. కాకపోతే ఆదెమ్మకు ఇంకో పిచ్చి ఉండేది. సుగంధి తీగల పిచ్చి.

సుగంధి షర్బత్ తాగినవాళ్ళకు చెప్పక్కర్లేదు. ఆ వేరును ఉడకేసి, వడగట్టి, చక్కెర పాకం పట్టి, నిమ్మకాయ పిండి, సోడా కొట్టి ఇస్తే మండుటెండలో ప్రాణం లేచొస్తుంది. అందులోనూ అవి మద్యనిషేధం రోజులు. కల్లు దుకాణాలు మూతబడి, సాయంత్రమయితే మొగోళ్ళంతా షర్బత్ బండ్ల ముందర చేరేవాళ్ళు. విడవలూరులో ఆమినాబీ బండి ముందరయితే కాలు పెట్టే సందు ఉండేది కాదు. ఆ ఆమినాబీకి వేర్లు తవ్విచ్చేది ఆదెమ్మ తల్లి. తల్లి పోయినాక ఆదెమ్మ.

అడవి వేర్లతో వచ్చిన చిక్కేందంటే, లావుగా ఉన్నదానికి వాసన ఉండదు, వాసన ఉన్నది దారప్పోగంత ఉంటుంది. కాలవగట్టు ఇసకలో దొరికేది వేలంత లావు, నోట్లో వేసుకుంటే గడ్డిపరక. పడమటి గుట్టల్లోది ముట్టుకుంటే చాలు, చెయ్యి సాయంత్రం దాకా గుమగుమలాడుతుంది, కానీ శేరు వేరు కావాలంటే గుట్టంతా తవ్వాలి.

"ఈ రెండిటికీ పెళ్ళి చేసే దారి ఉంటే ఎంత బాగుండు ఆదెమ్మా" అనింది ఒకరోజు ఆమినాబీ, నవ్వులాటకు.

ఆదెమ్మ నవ్వలేదు. ఇంటికి పోయి ఆలోచించింది. అది యాభై ఆరో సంవత్సరం. గుట్ట తీగ ఒకటి, కాలవగట్టు తీగ ఒకటి తెచ్చి, ఇంటి వెనక దిబ్బమీద ఒకే కంచెకు అల్లించింది. పూతకొచ్చినప్పుడు చీమలూ ఈగలూ ఈ పూవు మీద నుంచి ఆ పూవు మీదికి తిరుగుతుంటే పనులు మానుకుని చూస్తూ కూర్చునేది. సుగంధి కాయలు సన్నగా జంటకొమ్ముల్లాగుంటాయి. ఎండకు పగిలినాయంటే గింజలు దూది కట్టుకుని గాలికి ఎగిరిపోతాయి. అందుకని కాయ కాయకూ చిరిగిన తెరచాప గుడ్డ చుట్టి కట్టేసింది. "కాయలకు గోచీలు కడుతుంది నా పెండ్లాం" అని ముత్యాలయ్య పాలెమంతా చెప్పుకుని నవ్వినాడు. నవ్వితే నవ్వినాడు గానీ, ఇసకలో మడి కట్టింది మాత్రం ఆయనే.

వేరు ముక్క నాటితే తల్లి ఎట్టా ఉంటే పిల్ల అట్టానే వస్తుంది. గింజ నాటితే అట్టా కాదు, ఒక్కో మొక్కా ఒక్కో తీరు. రెండు వందల నలభై మొక్కలు మొలిచినాయి. ఉప్పుగాలికి సగం మాడినాయి. గాలివానకు ఇంకొన్ని పోయినాయి. ఆదెమ్మ దేనికీ పెంట వెయ్యలేదు, కడవ నీళ్ళు పొయ్యలేదు. మనుషులకే మంచినీళ్ళు అరమైలు మోసుకొస్తుంటే తీగలకెవరు పోస్తారు? బతికేది బతుకుతుంది, చచ్చేది చస్తుంది, అంతే.

మూడేళ్ళకు బతికినవాటి పక్కన చేత్తో ఇసక తోడి, ఒక్కో వేరు ముక్క కోసి చూసింది. ఎట్టా చూసిందనుకున్నారు? ముక్కు పెట్టి వాసన చూస్తే తెలియదంట. పాలెం గాలిలో పుట్టినప్పటి నుంచీ చేపలే గదా, ముక్కు మొద్దుబారి ఉంటుంది. అందుకని ఎండుచేపల గంపలో అడుగున వేర్లు పెట్టి, పైన చేపలు పోసి, మూడు రోజులు వదిలేసింది. మూడో రోజు తీసి ఆమినాబీ చేతికిచ్చింది. వాసన తక్కువ వేరుకు చేపకంపు పట్టేసింది. చేపను కూడా గెలిచి గుమగుమలాడితేనే అది వేరు, లేకపోతే పొయ్యిలోకి. ముప్పై ఏడు వేర్లు పొయ్యిలోకి పోయినాయి.

ఒక్కటి నిలిచింది. బొటనవేలంత లావు, విరిస్తే ఫట్టున విరిగింది. ఆమినాబీ ముక్కు దగ్గర పెట్టుకుని కళ్ళు మూసుకుంది. తెరిచినాక చూస్తే కళ్ళల్లో నీళ్ళు.

"యా అల్లా! చేపల గంపలో పెట్టింది దీన్నేనా?"

"దీన్నే అక్కా."

"ఇది నీ బిడ్డే ఆదెమ్మా" అనింది ఆమినాబీ. ఆదెమ్మకు పిల్లల్లేరు. వేరును కొంగున కట్టుకుని ఇంటికి నడిచింది.

ఆ ఒక్క తీగ వేర్లు ముక్కలు చేసి నాటి, అరవై మూడు నాటికి అరవై తీగల మడి చేసింది. ఆమినాబీ షర్బత్ పేరు కావలి దాకా పాకింది. ఆ పేరు వెంటబడి వచ్చినవాడే కామాక్షయ్య.

కావలిలో సోడా ఫ్యాక్టరీ, షర్బత్ సీసాల వ్యాపారం ఆయనది. తెల్లపంచె, జేబులో రెండు పెన్నులు, నోట్లో తేనె. ఆదెమ్మ "అయ్యా" అంటే, "అయ్యా ఏంది చెల్లెమ్మా, అన్నా అను" అన్నాడు. గుడిసె ముందర నులకమంచం మీద కూర్చుని, ఆమె ఇచ్చిన చెంబుడు నీళ్ళు తాగినాడు. తీగ ఎట్టా పుట్టిందో మొదటి నుంచీ చెప్పించుకున్నాడు. ఒక్క మాటా పోకుండా విన్నాడు. ఆదెమ్మ బతుకులో ఆమె చెప్పేది అంత శ్రద్ధగా విన్న మొగోడు ఇంకొకడు లేడు, అందుకే నమ్మింది. వచ్చిన ప్రతిసారీ కావలి నుంచి పూతరేకులో, మల్లెపూలో తెచ్చేవాడు. పాలెంలో అందరూ "ఆదెమ్మ అన్న వచ్చినాడు" అనేవాళ్ళు.

ఆ ఎండాకాలం ముత్యాలయ్య కాలికి టేకుచేప తోకలోని విషపు ముల్లు గుచ్చుకుంది. కాలు ఉబ్బి నల్లబడితే, ఆదెమ్మ ఆయన్ని బండిలో వేసుకుని నెల్లూరు ఆస్పత్రికి పోయింది. నెలన్నర అక్కడే. కాలు దక్కింది గానీ కుంటి పడింది.

తిరిగొచ్చి ఇంటి వెనక్కి పోతే, దిబ్బమీద అరవై గుంటలు.

"ఏందిది?" అనింది.

"మీ అన్న వచ్చినాడు గదా. నువ్వే తవ్వుకుపొమ్మన్నావని చెప్పినాడు. మేం కూడా తలా ఒక చెయ్యి వేసి తవ్విచ్చినాం. ఒక్క వేరు తెగలేదు చూడు!" అనింది పక్కింటి పిచ్చమ్మ, మెప్పు కోసం ఎదురుచూస్తా.

ఆదెమ్మ గుంటల మధ్యన కూలబడింది. తన మనుషులే, తన మంచి కోరి, తన బిడ్డను తవ్వి ఇచ్చినారు. వాళ్ళనేమంటుంది? పోలీసులకు చెప్పమన్నారు కొందరు. ఏమని చెప్పాలి? దిబ్బ సర్కారుది. తీగకు పట్టా ఎవరిచ్చినారు?

వారం రోజులు పొయ్యి వెలిగించలేదు. ఎనిమిదో రోజు ఎండుచేపల గంప కుమ్మరిస్తే అడుగున ఒక వేరు ముక్క కనిపించింది. ఆస్పత్రికి పోయే ముందురోజు వాసన చూద్దామని పెట్టి మరిచిపోయిన ముక్క. సగం ఎండింది. ఇంకో సగం మీద ఆవగింజంత కన్ను పచ్చగా ఉంది. దాన్ని పగిలిన కుండలో ఇసక పోసి నాటింది. ఆ కుండను ఆమినాబీ పెరట్లో దాచింది. ఆ కుండ సంగతి ఆ ఇద్దరికే తెలుసు.

ఆ మాఘమాసంలో నెల్లూరులో వ్యవసాయ ప్రదర్శన పెట్టినారు. కామాక్షయ్య అక్కడ సుగంధి వేర్లు పేర్చి, "కామాక్షి సుగంధి, కొత్త రకం" అని బోర్డు కట్టించినాడని ఆమినాబీ మొగుడు బాజీ కబురు తెచ్చినాడు. ఆదెమ్మ పొద్దన చేపలు తోమి, గంప దించి, ఉన్నపళాన బస్సెక్కింది.

కామాక్షయ్య చేతిలో వెండి కప్పు ఉంది. పక్కన ఆఫీసర్లు, చుట్టూ జనం. "పదేళ్ళు కష్టపడినాను సార్, రెండు జాతులు కలిపినాను" అని చెబుతున్నాడు. ఆదెమ్మ చెప్పిందే, ఆదెమ్మ మాటల్లోనే, గోచీలు కట్టిన సంగతితో సహా.

"అది నాది" అనింది ఆదెమ్మ. ఎవరికీ వినపడలేదు. మళ్ళీ అనింది. "అయ్యా, ఆ తీగ నేను పుట్టించినాను."

ఆఫీసర్లు తిరిగి చూసినారు. కామాక్షయ్య ముఖం ఒక్క క్షణం తెల్లబోయింది. మరుక్షణం నవ్వినాడు. గబుక్కున ఆమె మణికట్టు పట్టుకుని, ఆ చెయ్యి పైకెత్తి అందరికీ చూపించినాడు.

"వాసన చూడండయ్యా, వాసన చూడండి! చేపలు తోమే చేతులివి. ఈ చేతుల్లో సుగంధి పుడుతుందా?"

జనం గొల్లున నవ్వినారు. పెద్ద ఆఫీసరు కూడా జేబురుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని నవ్వినాడు. చెల్లెమ్మా అన్న నోరే అది! ఆదెమ్మ చెయ్యి విడిపించుకుని బయటికొచ్చింది. బస్సులో కూర్చున్నంతసేపూ రెండు చేతులూ కొంగులో దాచుకుంది. పక్కన కూర్చున్నామె కొద్దిగా జరిగితే, చేపలకంపుకే జరిగిందనుకుని చచ్చినంత సిగ్గుపడింది. నలభై ఏళ్ళ బతుకులో తన చేతులను చూసి తను సిగ్గుపడటం అదే మొదలు.

నేరుగా ఆమినాబీ ఇంటికి పోయి, కుండ ముందర కూర్చుంది.

"అక్కా, తీగ పోతే పోయింది. కప్పు పోతే పోయింది. నా చేతులు వాడి చేతనే వాసన చూపిస్తాను. నలుగురిలో, అదే చోట. సుగంధి అని వాడి నోటితోనే చెప్పిస్తాను. అది అయ్యేదాకా నాకు నిద్ర లేదు."

"ఎట్టా చెప్పిస్తావు? వాడు షావుకారు."

"తెలియదు. చెప్పిస్తాను."

దారి చూపించినవాడు కూడా కామాక్షయ్యే. కావలి పక్కన తనకున్న మూడెకరాల నల్లరేగడిలో తీగ ముక్కలు నాటించినాడని, బావికి మోటారు పెట్టి తడులు పెడుతున్నాడని, బండ్ల కొద్దీ పశువుల పెంట తోలించినాడని బాజీ వచ్చి చెప్పినాడు. విని ఆదెమ్మ నవ్వింది. కాలు కుంటిపడ్డ మొగుడి ముందర, ఇన్నాళ్ళ తరవాత, కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది.

"ఏందే?" అన్నాడు ముత్యాలయ్య.

"పెరగనీ. బాగా పెరగనీ."

వరి పండించే నేలలో పుట్టినవాడు గదా కామాక్షయ్య. ఎంత పెంటేస్తే అంత పంట అనేదే ఆయనకు తెలిసిన సేద్యం. తిండి పెడితే సుగంధి వేరు లావెక్కుతుంది, నిజమే. కానీ దాని వాసన ఆకలిలో పుడుతుంది. ఇసకలో, ఉప్పుగాలిలో, నీళ్ళ కోసం లోతుకు దిగి దిగి పాకులాడితేనే ఆ గుమగుమ. ఇది ఆదెమ్మకు ఎవరూ చెప్పలేదు. ఒకసారి మడి చివర రెండు తీగలకు చేపలు కడిగిన నీళ్ళు పారితే, వేర్లు లావెక్కి గడ్డిపరకలయినాయి. అప్పుడు తెలిసింది. కామాక్షయ్యకు అన్నీ చెప్పింది గానీ ఈ ఒక్కటీ చెప్పలేదు. దాచాలని కాదు, ఆయన అడగలేదు.

ఏడాదికి పైగా కాచుకుంది. కాచుకోవడమంటే తేలికనుకునేరు. కావలి అంగళ్ళలో "కామాక్షి సుగంధి" సీసాలు తన మడిలో తవ్వుకుపోయిన పాత వేర్లతో అమ్ముడుపోతా ఉంటే, సీసా మీద ఆయన బొమ్మను గోడవైపు తిప్పి వచ్చేది. పొద్దన లేచి చేపలు తోమేటప్పుడల్లా చేతులు చూసుకునేది. మణికట్టు పట్టుకున్న చోటు ఇంకా కాలినట్టే ఉండేది.

అరవై ఐదులో, ఎండ చుర్రుమంటున్న ఒక మధ్యాహ్నం, కామాక్షయ్య పాలెంలోకి వచ్చినాడు. పంచె నలిగింది. తేనె మాత్రం నోట్లోనే ఉంది.

"చెల్లెమ్మా, అన్న మీద కోపమా? ఆరోజు జనంలో నోరు జారినాను."

ఆదెమ్మ లేచి నులకమంచం వాల్చింది. చెంబుతో నీళ్ళిచ్చింది. మొదటిసారి ఇచ్చిన చెంబుతోనే, చూసుకోండి మరి!

"వేర్లు మణికట్టంత లావు ఊరినాయి" అన్నాడు. "కానీ వాసన లేదు. ఏదో ఉంది నీ దగ్గర. ఏమేసి పెంచినావు? చెప్పు తల్లీ, ఈసారి బోర్డు మీద నీ పేరే రాయిస్తాను."

ఇక్కడ ఆదెమ్మ చేసిన పని ఎవరూ చెయ్యరు. ఉన్నదున్నట్టు చెప్పింది.

"ఏమీ వెయ్యలేదన్నా. నీళ్ళు గూడా పొయ్యలేదు. ఉత్త ఇసక, అంతే."

చెప్పింది సరే, ఎట్టా చెప్పింది? కళ్ళు దించి, కొంగు చివర వేలికి చుట్టుకుంటా, మాట మధ్యలో ఒకసారి ఇంటి వెనక్కి దొంగచూపు చూసి చెప్పింది. అబద్ధమాడేవాళ్ళు ఎట్టా చూస్తారో అట్టా. ఇంటి వెనక పెద్ద కాగులో చేపతలలు, పేగులు, పొలుసులు ఊరుతున్నాయి. ముత్యాలయ్య కొబ్బరిమొక్కకని ఊరేసినవి.

కామాక్షయ్య ముక్కు అటు తిరిగింది. కళ్ళు అటు తిరిగినాయి. కాగు చూసినాడు. పెదవి చివర సన్నగా నవ్వినాడు.

"ఉత్త ఇసకా? సరే చెల్లెమ్మా, సరే" అంటా లేచినాడు.

ఆమినాబీకి ఈ సంగతి చెబితే తల పట్టుకుంది. "పిచ్చిదానా! నిజం ఎందుకు చెప్పినావు? వాడు పోయి తడులు ఆపేస్తే, తీగలు ఇసకలోకి మారిస్తే?"

"మార్చడక్కా. నోరు తెరిస్తే అబద్ధమాడే మనిషి. ఎదుటోళ్ళు నిజం చెబుతారని వాడికెట్టా తోస్తుంది?"

అనడమైతే అనింది గానీ, మూడు రోజులు ముద్ద దిగలేదు. నమ్మినాడంటే అంతా అయిపోయినట్టే. అరిచి ఉంటే బాగుండేదేమో, మీద మట్టి పోసి ఉంటే బాగుండేదేమో అని పొర్లింది. నాలుగోరోజు కావలి బండి పాలెంలోకి వచ్చింది. చేపల చెత్తంతా కావాలంట, ఎంతుంటే అంత. పిచ్చమ్మతో సహా అందరూ బుట్టలతో పోసినారు. ఆదెమ్మ కూడా పోసింది. రెండు బుట్టలు ఎక్కువే పోసింది.

ఏడాది పైగా వారం వారం బండి వచ్చింది. మూడెకరాలూ చేపల చెత్తతో నిండినాయి. ఆ దారిన పోయేవాళ్ళు ముక్కులు మూసుకునేవాళ్ళని బాజీ చెప్పేవాడు. వింటున్నప్పుడు ఆదెమ్మకు ఒళ్ళు పులకరించేది, ఆ వెంటనే మనసు చివుక్కుమనేది. ఆ తీగలూ తన కడుపు పంటే గదా. చచ్చేది వాడి మడిలో, కానీ తన పిల్లలే చస్తున్నాయి. ఒకటి రెండుసార్లు ఏడ్చింది కూడా. ఏడ్చిందని మనసు మార్చుకుందనుకోకండి. ఆమినాబీ పెరట్లో దాచిన ఆ ఒక్క కుండ ఈపాటికి పది కుండలయింది, అన్నిట్లోనూ ఉత్త ఇసకే.

అరవై ఏడు మాఘంలో మళ్ళీ ప్రదర్శన. అదే మైదానం, అవే పందిళ్ళు. కామాక్షయ్య మణికట్టంత వేర్లు గుట్టగా పేర్చి కూర్చున్నాడు. పెద్ద ఆఫీసరు మాత్రం కొత్తాయన, క్రీస్తుదాసు గారని, మాట తక్కువ మనిషి. ఆయన ఒక వేరు తీసుకుని, చాకుతో చీల్చి, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. వెంటనే చెయ్యి దూరంగా జరిపినాడు. ఇంకొకటి చీల్చినాడు. ఇంకొకటి.

"ఏమిటండీ ఇది? చేపలకంపు!"

పక్కనున్నాయన తీసుకుని చూసినాడు. ఆయన వెనకాయన చూసినాడు. సొంత వాసన లేని వేరు గదా, పగుళ్ళబెరడు నిండా ఏడాది చేపకంపు పట్టించుకుని కూర్చుంది. ఎవడో వెనక నుంచి "కామాక్షి సుగంధి కాదురోయ్, కామాక్షి కవ్వళ్ళ చేపలు" అన్నాడు. జనం ఒకటే నవ్వు.

కామాక్షయ్య వేర్ల గుట్టకు అడ్డంగా నిలబడినాడు. "సార్, మూడేళ్ళ కిందట దీనికే కప్పిచ్చినారు. రికార్డు చూడండి."

"ఇచ్చినది ఈ రకానికేనని ఏమిటి నమ్మకం? ఎక్కడివో అడవి వేర్లు తెచ్చి మోసం చేశారేమో. కప్పు వెనక్కి ఇవ్వవలసి ఉంటుంది. పేపర్లో కూడా వేయించవలసి ఉంటుంది" అన్నాడు క్రీస్తుదాసు గారు.

అప్పుడు ఆదెమ్మ ముందుకు వచ్చింది. నెత్తిన ఎండుచేపల గంప. వెనక ఆమినాబీ. గంప దించి, చేపల కింద చెయ్యి పెట్టి, బొటనవేలంత వేరు ఒకటి తీసి ఆఫీసరు చేతిలో పెట్టింది. ఆయన అనుమానంగా విరిచినాడు. ఫట్టుమంది. ఆయన కళ్ళు పెద్దవయినాయి. వాసన చూడటానికి వంగక్కరే లేకపోయింది, పక్కవాళ్ళకు కూడా వచ్చింది.

"చేపల్లో నుంచి తీశావు గదమ్మా! ఏ రకం ఇది?"

"ఆ సంగతి ఆయనకు బాగా తెలుసయ్యా. ఆయన్నే అడగండి."

కామాక్షయ్య గిలగిలలాడినాడు. ఇది అదే తీగ, అప్పుడు కప్పొచ్చింది ఈ వాసనకేనని ఆమె చెబితే మోసగాడనే మాట తప్పుతుంది, పేరు పేపర్లో పడదు. చెప్పకపోతే కావలిలో తలెత్తుకోలేడు. జనాన్ని తోసుకుంటా వచ్చి, గొంతు తగ్గించి బతిమాలుకున్నాడు.

"చెల్లెమ్మా, ఒక్క మాట. ఈ తీగా ఆ తీగా ఒకటేనని చెప్పు. నీకు దణ్ణం పెడతా."

"చెబుతానన్నా. తప్పకుండా చెబుతాను" అనింది ఆదెమ్మ. రెండు చేతులూ చాపి ఆయన ముఖం ముందర పెట్టింది. "ముందర వాసన చూడు."

కామాక్షయ్య అటూ ఇటూ చూసినాడు. పారిపోయే సందు లేదు. తెల్లపంచె షావుకారు నడుము వంచి, ఆ చేతుల మీదికి ముక్కు దించినాడు.

"ఏం వాసన?"

"సు... సుగంధి."

"గట్టిగా. ఆ మూలనున్నోళ్ళకు వినపడలేదు."

"సుగంధి!"

ఆదెమ్మ చేతులు వెనక్కి తీసుకుంది. మూడేళ్ళుగా మణికట్టు మీద కాలుతున్న చోటు చల్లబడింది. ఇచ్చిన మాట ప్రకారం ఆఫీసరు వైపు తిరిగింది.

"అవునయ్యా, అదే తీగ. నేను పుట్టించినాను. నేను ఆస్పత్రిలో ఉంటే ఈయన తవ్వుకుపోయినాడు. ఈయన చేతిలో పడి చచ్చింది. వాసన మీరే చూసినారు గదా."

క్రీస్తుదాసు గారు పెన్ను తీసి, "నీ పేరేమిటమ్మా?" అన్నాడు. ఆదిశేషమ్మ అని చెప్పింది. ఊరు చెప్పింది. ఆయన రాసుకున్నాడు. వేరు ముక్కలు పది అడిగితే పదీ ఇచ్చి, ఎట్టా పెంచాలో ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన నమ్మినాడు.

"నాకూ ఒక ముక్క ఇప్పించు తల్లీ, ఇసకలోనే పెడతాను" అన్నాడు వెనక నుంచి కామాక్షయ్య. అప్పటికి అర్థమయింది పాపం!

ఆదెమ్మ గంప నెత్తికెత్తుకుంది. "నీకు అప్పుడే చెప్పినాను గదన్నా" అనింది.

సాయంత్రం విడవలూరు బస్సు కిటకిటలాడుతోంది. ఆదెమ్మ కిటికీ పక్కన కూర్చుని, రెండు చేతులూ ముందు సీటు కడ్డీ మీద పెట్టుకుంది. పక్కన కూర్చున్న ముసలామె ముక్కు ఎగబీల్చి, "ఏం వాసన తల్లీ ఇది? చేపలా, సుగంధా?" అని అడిగింది.

"రెండూనమ్మా" అనింది ఆదెమ్మ. చేతులు అట్టానే ఉంచింది.